బోధనా కంప్యూటరు ఆటల తయారీ

బోధనా కంప్యూటరు ఆటల తయారీ అనగా ఒక పాఠ్యాంశమును నేర్పుటకు గాని, నేర్చినదానిని అభ్యాసము చేయించుటకు గాని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, ఒక్కొక్కప్పుడు విద్యార్థులే తమకు అందుబాటులో ఉన్న సామాన్యమైన కంప్యూటరుపై చిన్న ఆటలను స్వయంగా రూపొందించుకొనుట. వ్యాపార సంస్థలు తయారుచేసే ఆటలు ఎవరో తెలియని లక్షలాది పిల్లలను ఉద్దేశించినవి. ఉపాధ్యాయుడు తయారుచేసే ఆట మాత్రం తన ఎదుట కూర్చున్న తరగతిని ఉద్దేశించినది. ఆ పిల్లలు ఏ లెక్కలో తడబడతారో, ఏ పదమును తప్పుగా రాస్తారో తయారీదారునకు ముందే తెలుసు. బొమ్మలలోను, శబ్దములలోను ఇటువంటి ఆటలు అంగడి ఆటలతో పోటీ పడలేవు. అయినను పైన చెప్పిన కారణము వలన అనేక సందర్భాలలో అంతకంటె ఎక్కువగా ఉపయోగపడతాయి. బోధనా కంప్యూటరు ఆటలలో మొట్టమొదటివి కొన్ని ఈ విధంగా ఉపాధ్యాయుల చేతిలో పుట్టినవే.

చరిత్ర

సుమేరియన్ గేమ్

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కటోనా అనే ఊరి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని మేబెల్ ఆడిస్ 1964లో సుమేరియన్ గేమ్ అనే ఆటను రచించారు. వెస్ట్‌చెస్టర్ జిల్లా విద్యా సేవల మండలి, ఐ.బి.ఎమ్. సంస్థ కలిసి చేపట్టిన ప్రయోగంలో ఇది ఒక భాగము. ప్రోగ్రామును ఐ.బి.ఎమ్.కు చెందిన విలియం మెక్‌కే రాశారు. ఆరవ తరగతి విద్యార్థి ప్రాచీన సుమేరియాలోని లగాష్ నగరానికి పాలకుడవుతాడు. పండిన ధాన్యంలో ప్రజల తిండికి ఎంత, విత్తనాలకు ఎంత, నిల్వకు ఎంత అన్నది అతడే నిర్ణయించాలి. తిండికి తగ్గిస్తే జనం పస్తులుంటారు, విత్తనాలకు తగ్గిస్తే మరుసటి పంట తగ్గుతుంది. ఆనాటి ఆటకు తెర లేదు. కంప్యూటరు తన సమాధానాలను కాగితంపై ముద్రించేది.

ఈ ఆట వర్ణన ఆధారంగా డగ్ డైమెంట్ 1968లో ఒక చిన్న ప్రోగ్రామును రాశారు. దానిని డేవిడ్ ఆల్ బేసిక్ భాషలోకి మార్చి, 1973లో తాను ప్రచురించిన 101 బేసిక్ ఆటల పుస్తకంలో చేర్చారు. పుస్తకం చూసి ప్రోగ్రామును స్వయంగా టైపు చేసుకొని, తమకు కావలసినట్లు మార్చుకొనే అలవాటు అటువంటి పుస్తకాల వలన వ్యాపించినది.

ఆరెగాన్ ట్రెయిల్

1971లో మిన్నియాపొలిస్ నగరంలో డాన్ రావిట్ష్ అనే శిక్షణ ఉపాధ్యాయుడు ఎనిమిదవ తరగతికి అమెరికా చరిత్ర బోధిస్తూ, 19వ శతాబ్దంలో పడమటి దిక్కుకు వలస వెళ్ళినవారి ప్రయాణం గురించి ఒక బల్లపై ఆడే ఆటను తయారుచేయ మొదలుపెట్టారు. ఆయన తోటి శిక్షణ ఉపాధ్యాయులైన బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ గణితం బోధించేవారు, వారికి బేసిక్ భాష తెలుసు. ముగ్గురు కలిసి సుమారు రెండు వారాలలో దానిని కంప్యూటరు ఆటగా మార్చి డిసెంబరు నెలలో తరగతిలో ప్రవేశపెట్టారు. ఉన్నది ఒకే ఒక టెలిటైపు యంత్రం కావడంతో పిల్లలు జట్లుగా చేరి ఆడేవారు. ఎద్దులకు, ఆహారానికి, తూటాలకు, బట్టలకు ఎంత ఖర్చు చేయాలో జట్టులోని వారు చర్చించుకొనేవారు.

శిక్షణ కాలం ముగిసిన పిమ్మట రావిట్ష్ ఆ ప్రోగ్రామును కంప్యూటరు నుండి తొలగించి, కాగితపు ప్రతిని మాత్రం దాచుకున్నారు. 1974లో మిన్నెసోటా విద్యా కంప్యూటరు సంస్థలో చేరినప్పుడు ఆ కాగితాలు చూసి మరల టైపు చేశారు. వలసదారుల దినచర్య పుస్తకాలు చదివి, దారిలో జబ్బు, తుపాను, బండి విరగడం వంటివి ఎంత తరచుగా ఎదురయ్యేవో గుర్తించి ఆటలోని సంభావ్యతలను సవరించారు. తరువాత ఈ ఆట అమెరికా పాఠశాలలలో విశేష ప్రచారం పొందినది.

డార్ట్స్

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో ఆరంభమైన ప్లేటో కంప్యూటరు వ్యవస్థపై షారన్ డగ్‌డేల్, డేవిడ్ కిబ్బీ 1970లలో డార్ట్స్ అనే భిన్నాల ఆటను తయారుచేశారు. తెరపై ఒక సంఖ్యారేఖకు బెలూన్లు కట్టి ఉంటాయి. విద్యార్థి బెలూను ఉన్న స్థానాన్ని అంచనా వేసి ఒక భిన్నమును టైపు చేస్తే ఆ స్థానానికి బాణం వెళుతుంది. సరిగా ఉంటే బెలూను పగులుతుంది. లేకపోతే బాణం విద్యార్థి రాసిన స్థానంలోనే గుచ్చుకొని నిలుస్తుంది.

తదనంతర పరిణామములు

1964లో డార్ట్‌మౌత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాష, 1967లో వాలీ ఫ్యూర్‌జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సోలొమన్ రూపొందించిన లోగో భాష సామాన్య ఉపాధ్యాయునకు ప్రోగ్రాము రచనను చేరువ చేశాయి. భారతదేశంలో 1984-85లో ప్రారంభమైన క్లాస్ పథకం క్రింద పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు అందినవి. వీటిలో బేసిక్ భాష అంతర్భాగంగా ఉండేది. 1987లో వెలువడిన హైపర్‌కార్డ్, 1990ల చివర కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం నుండి వచ్చిన హాట్ పొటాటోస్, 2007లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విడుదల చేసిన స్క్రాచ్ ఈ పనిని మరింత సులభం చేశాయి.

ఆటకు, పాఠానికి గల సంబంధం

థామస్ మలోన్ అనే పరిశోధకుడు 1981లో ప్రచురించిన వ్యాసంలో, పిల్లలను ఆకర్షించే ఆటలలో సవాలు, కల్పన, కుతూహలం అనే మూడు అంశాలు ఉంటాయని వివరించారు. ఆయన కల్పనను రెండు విధాలుగా విభజించారు.

బాహ్య కల్పన: పాఠానికి, కథకు సంబంధం ఉండదు. అక్షరం తప్పు చెప్పినప్పుడల్లా ఉరికొయ్యపై బొమ్మలో ఒక గీత చేరే ఆట ఇందుకు ఉదాహరణ. అదే బొమ్మను లెక్కలకు, చరిత్రకు, దేనికైనను తగిలించవచ్చును.

అంతర్గత కల్పన: పాఠమే ఆటను నడుపుతుంది. డార్ట్స్ ఆటలో బాణం ఎక్కడికి వెళుతుందో నిర్ణయించేది విద్యార్థి రాసిన భిన్నమే. తప్పు రాసినవాడు ఎంత దూరంలో, ఏ వైపుకు తప్పాడో కంటితో చూస్తాడు. తరువాతి ప్రయత్నానికి ఆ చూపే ఆధారము.

"తప్పు, మరల ప్రయత్నించుము" అని మాత్రమే చెప్పే ఆట వలన విద్యార్థికి తన పొరపాటు గురించి ఏమియు తెలియదు. కనుక స్వయంగా ఆట తయారుచేసేవారు "తప్పు సమాధానం ఇచ్చినపుడు తెరపై ఏమి జరుగుతుంది" అనే ప్రశ్నను ముందుగా వేసుకొనుట అవసరము.

ఒకే ఆట అందరికీ నచ్చకపోవచ్చును. మలోన్ ఐదవ తరగతి పిల్లలతో డార్ట్స్ ఆటను పరిశీలించినపుడు బాణాలతో బెలూన్లు పగులగొట్టే కల్పన మగపిల్లలకు నచ్చినది, ఆడపిల్లలకు అంతగా నచ్చలేదు.

ఆటలలో రకాలు

- ప్రశ్నోత్తర ఆటలు: బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఖాళీలు పూరించుట, జతపరచుట. తయారీ అతి సులభము.
- పద ఆటలు: గళ్ళనుడికట్టు, అక్షరాల తారుమారు, సంధి కలుపుట, విడదీయుట.
- అంచనా ఆటలు: సంఖ్యారేఖ ఆటలు, "నేను తలచిన సంఖ్య ఏది" వంటివి. 1 నుండి 100 వరకు గల సంఖ్యలలో ఒకదానిని "ఎక్కువ", "తక్కువ" అనే సూచనలతో కనుగొనుటకు, ప్రతిసారి మిగిలినవాటిని సగానికి తగ్గించుకుంటూ పోతే 7 ప్రయత్నాలు చాలును. ఈ సంగతిని పిల్లలు ఆడుతూ తామే గ్రహిస్తారు.
- అనుకరణ ఆటలు: సుమేరియన్ గేమ్, ఆరెగాన్ ట్రెయిల్ వంటివి. ఒక ఊరి చెరువు నీటిని వరికి, ఆరుతడి పంటలకు, వేసవి అవసరాలకు పంచే ఆట తెలుగు ప్రాంత విద్యార్థులకు ఇదే పద్ధతిలో చేయవచ్చును.
- కథా ఆటలు: విద్యార్థి ఎన్నుకొన్న మార్గాన్ని బట్టి కథ మారేవి.

తయారీ విధానం

1. ఒకే అంశమును ఎన్నుకొనుట. "భిన్నాలు" అన్నది పెద్ద అంశము. "రెండు దశాంశ భిన్నాలలో ఏది పెద్దదో గుర్తించుట" అన్నది ఒక ఆటకు సరిపడు అంశము.

2. తప్పులను సేకరించుట. విద్యార్థుల పాత జవాబు పత్రాలు ఇందుకు మంచి ఆధారము. బహుళైచ్ఛిక ప్రశ్నలలో ఇచ్చే తప్పు సమాధానాలు ఊహించి రాసినవిగా కాక, పిల్లలు నిజంగా చేసే పొరపాట్లై ఉండాలి. కొన్ని ఉదాహరణలు:
- 1/2 + 1/3 = 2/5 అని లవములను, హారములను విడివిడిగా కూడుట. సరియైన సమాధానం 5/6.
- 12 − 3 × 2 = 18 అని ఎడమ నుండి వరుసగా చేయుట. సరియైన సమాధానం 6.
- "అర్థం" (భావం), "అర్ధం" (సగం) అనే పదాలను ఒకదాని బదులు మరొకటి రాయుట.
- సూర్య + ఉదయం అన్నది గుణసంధి అని మరచి "సూర్యూదయం" అనుట.
- గోదావరి జన్మస్థానమైన త్ర్యంబకేశ్వరమును, కృష్ణ జన్మస్థానమైన మహాబలేశ్వరమును తారుమారు చేయుట.

3. కాగితంపై ఆడి చూచుట. అట్టముక్కలతో, పాచికతో ఇద్దరు ముగ్గురు పిల్లల చేత ఆడించాలి. కాగితంపై విసుగు పుట్టించే ఆటకు కంప్యూటరు రంగులు అద్దినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

4. ప్రోగ్రాము రాయుట. మొదట ఒకే ప్రశ్నతో ఆట మొదలు నుండి చివర వరకు నడిచేటట్లు చేసి, పిమ్మట ప్రశ్నలను, శబ్దాలను, బొమ్మలను చేర్చుట మేలు. ప్రశ్నలను ప్రోగ్రాములో కలపక వేరొక జాబితాగా ఉంచితే, అదే ఆటను మరొక పాఠానికి వాడుకొనవచ్చును.

5. పరీక్షించుట. పిల్లవాడు ఆడుచుండగా ఏమియు చెప్పక పక్కన కూర్చుని చూడాలి. అతడు ఎక్కడ ఆగి తల ఎత్తి చూస్తాడో అక్కడ సూచన స్పష్టంగా లేదని గ్రహించాలి.

6. సవరించుట. ఎక్కువమంది తప్పిన ప్రశ్నలను గుర్తించి, ఆ తప్పు పాఠం వలన వచ్చినదా, ప్రశ్నలోని మాట వలన వచ్చినదా అని విచారించాలి.

ఉదాహరణ: దశాంశ భిన్నాల ఆట

దశాంశ భిన్నాలు కొత్తగా నేర్చే పిల్లలలో చాలామంది 0.35 అన్నది 0.5 కంటె పెద్దదని అంటారు. 35 అన్నది 5 కంటె పెద్దది కావడమే వారి తర్కము. ఈ పొరపాటును సవరించుటకు డార్ట్స్ పద్ధతిలో స్క్రాచ్‌పై ఒక చిన్న ఆటను ఇలా తయారుచేయవచ్చును.

స్క్రాచ్ వేదిక వెడల్పు 480 ప్రమాణాలు, మధ్య బిందువు 0. వేదికపై −200 నుండి 200 వరకు ఒక గీత గీసి, ఎడమ కొనను 0 గాను, కుడి కొనను 1 గాను భావించాలి. అప్పుడు ఏ దశాంశ భిన్నం స్థానమైనను ఈ సూత్రం వలన లభిస్తుంది:

స్థానం = −200 + 400 × విద్యార్థి రాసిన సంఖ్య

దీని ప్రకారం 0.5 స్థానం 0, అనగా గీతకు సరిగ్గా మధ్య. 0.35 స్థానం −60, అనగా మధ్య బిందువునకు ఎడమ వైపు. గీతపై ఒక గాలిపటాన్ని ఉంచి, దాని స్థానాన్ని సంఖ్యగా రాయమని అడగాలి. మధ్య బిందువునకు కొంచెం కుడిగా ఉన్న గాలిపటానికి 0.35 అని రాసిన విద్యార్థికి బాణం మధ్య గీతను దాటకుండానే ఆగిపోవుట కనబడుతుంది. బాణం ఆగినచోట అతడు రాసిన సంఖ్యను చెరపక ఉంచాలి. నాలుగైదు బాణాలు పడిన పిమ్మట 0.35, 0.4, 0.5, 0.62 వంటి సంఖ్యలు గీతపై వరుసలో నిలిచి, పోల్చుటకు వీలు కలుగుతుంది.

బాణం గాలిపటానికి 8 ప్రమాణాల లోపు పడితే తగిలినట్లు లెక్కించవచ్చును. ఇది 0.02 దూరమునకు సమానము. పిల్లల నైపుణ్యం పెరిగిన కొలది ఈ దూరాన్ని తగ్గించవచ్చును.

ఉపకరణాలు

- ప్రదర్శన సాఫ్టువేర్లు: పవర్‌పాయింట్, లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ వంటివాటిలో ఒక పలక నుండి మరొక పలకకు లంకెలు ఇచ్చి ప్రశ్నోత్తర ఆటలు, కథా ఆటలు చేయవచ్చును. ప్రతి తప్పు సమాధానానికి దాని కారణం వివరించే ప్రత్యేక పలకను జతచేయుట ఇందులో సులభము.
- స్ప్రెడ్‌షీట్: సమాధానం సరియైనచో గడి రంగు మారేటట్లు సూత్రం రాసి ఎక్కాలు, రసాయన సంకేతాల అభ్యాసం చేయించవచ్చును.
- హాట్ పొటాటోస్: ప్రశ్నలు, ఖాళీలు, జతపరచుట, గళ్ళనుడికట్టు మొదలగువాటిని వెబ్ పుటలుగా తయారుచేస్తుంది. 2009 నుండి ఉచితము.
- స్క్రాచ్: ఆదేశాల దిమ్మెలను ఒకదాని క్రింద ఒకటి అమర్చి ప్రోగ్రాము చేయవచ్చును. అంతర్జాలం లేనిచోట వాడుకొనుటకు వేరే ప్రతి ఉన్నది.
- ట్వైన్: 2009లో విడుదలైన ఉచిత సాఫ్టువేరు. కథా ఆటలకు అనుకూలము.
- హెచ్.టి.ఎమ్.ఎల్., జావాస్క్రిప్ట్: ఏ బ్రౌజరులోనైనను నడిచే ఆటలు రాయవచ్చును. నేర్చుటకు కొంత కాలం పడుతుంది.

తెలుగు ఆటలలో అక్షర సమస్య

ఆంగ్ల పద ఆటల ప్రోగ్రాములను తెలుగునకు యథాతథంగా వాడితే తప్పు ఫలితాలు వస్తాయి. యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించబడినవి. ఇందులో హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేరు వేరు సంకేతాలు. మనము ఒకే అక్షరంగా భావించేది కంప్యూటరుకు అనేక సంకేతాల వరుస.

- "స్త్రీ" అన్నది ఒక అక్షరం, 6 సంకేతాలు.
- "కృష్ణ" అన్నది 2 అక్షరాలు, 5 సంకేతాలు.
- "విద్యార్థి" అన్నది 3 అక్షరాలు, 10 సంకేతాలు.

"వికటకవి" అన్న పదాన్ని ఎటునుండి చదివినను ఒకటే అని పిల్లలందరికీ తెలుసు. కాని సంకేతాలను వెనుక నుండి ముందుకు పేర్చే ప్రోగ్రాము గుడి గుర్తును "వ" కంటె ముందు ఉంచి, రెండు పదాలు వేరని చెబుతుంది. అటువంటి ఆట పిల్లలకు వచ్చిన విషయాన్ని కూడ తప్పని చూపుతుంది.

దీనికి ప్రధానంగా రెండు పరిష్కారాలు ఉన్నవి. మొదటిది, పదాలను ముందే అక్షరాలుగా విడదీసి "వి-ద్యా-ర్థి" అని జాబితాలో రాసుకొనుట. చిన్న ఆటలకు ఇది చాలును. రెండవది, ప్రోగ్రాము చేతనే విడదీయించుట. అచ్చుతో గాని, ముందు పొల్లు లేని హల్లుతో గాని కొత్త అక్షరం మొదలవుతుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ, పొల్లు వెంబడి వచ్చే హల్లు ముందున్న అక్షరంలోనే చేరతాయి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాలను విడదీయకుండ లెక్కించే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేర్చబడినది. పాత సాఫ్టువేర్లలో ఈ సౌకర్యం లేదు.

విద్యార్థి టైపు చేసిన సమాధానాన్ని సరిచూచునపుడు "వృక్షము", "వృక్షం" వంటి రూపాలు రెండింటిని అంగీకరించాలి. పదం చివరి ఖాళీలను, "సాఫ్ట్‌వేర్" వంటి పదాలలో కంటికి కనబడని విభాజక గుర్తును తొలగించి పోల్చాలి. టైపు చేయుట రాని చిన్న పిల్లలకు అక్షరాల పలకలను మౌసుతో జరిపే ఏర్పాటు మేలు. ఆ ఆట పరీక్షించేది భాషాజ్ఞానాన్ని గాని టైపు నేర్పును కాదు.

తరగతిలో వినియోగం

కంప్యూటర్లు తక్కువగా ఉన్నచోట ముగ్గురేసి పిల్లలను ఒక జట్టుగా కూర్చుండబెట్టి, ఒకరు మీటలు నొక్కుట, ఒకరు కాగితంపై లెక్క చేయుట, ఒకరు ఫలితం నమోదు చేయుట అని పనులు పంచి, కొంతసేపటికొకసారి మార్చవచ్చును. లేనిచో చురుకైన పిల్లవాడే మీటలు నొక్కుచుండగా తక్కినవారు చూస్తూ ఉండిపోతారు. ఆట ముగిసిన పిమ్మట "ఆ సంఖ్య ఎందుకు రాశావు" అని అడిగి చెప్పించుట పాఠంలో ముఖ్య భాగము. విద్యుత్తు లేని రోజున తయారీ దశలో చేసిన కాగితపు ఆట అక్కరకు వస్తుంది.

పరిమితులు

- నాలుగు సమాధానాలు గల 10 ప్రశ్నలకు ఏమియు తెలియకుండా నొక్కుకుంటూ పోయినను సగటున 2.5 మార్కులు వస్తాయి. ఎన్నిసార్లైనను నొక్కనిస్తే చివరకు అన్నియు సరియగును. కనుక మార్కులను బట్టి మాత్రమే విద్యార్థి జ్ఞానాన్ని నిర్ణయించరాదు.
- కాలపరిమితి పెట్టిన ఆటలలో నెమ్మదిగా చదివేవారు, చూపు తక్కువైనవారు పాఠం తెలిసియు ఓడిపోతారు.
- ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే తప్పొప్పులు చూపితే వర్ణాంధత్వం గలవారు గుర్తించలేరు. రంగుతో పాటు గుర్తు గాని, మాట గాని ఉండాలి.
- ఒక ఆట తయారీకి పట్టే కాలం, అది తరగతిలో ఉపయోగపడే కాలం కంటె అనేక రెట్లు ఎక్కువ కావచ్చును. నల్లబల్లపై అయిదు నిమిషాలలో అర్థమయ్యే అంశానికి ఆట అవసరం లేదు.
- ఇతరుల చిత్రాలు, పాటలు, ప్రసిద్ధ పాత్రల బొమ్మలు అనుమతి లేకుండ వాడరాదు. పిల్లలు గీసిన బొమ్మలను, స్వేచ్ఛా లైసెన్సు గల చిత్రాలను వాడుకొనవచ్చును.

భద్రపరచుట

ఉపాధ్యాయులు తయారుచేసిన ఆటలలో చాలావరకు వారి ఉద్యోగ విరమణతోనో, కంప్యూటరు మార్పుతోనో నశిస్తాయి. సుమేరియన్ గేమ్ ప్రోగ్రాము నేడు లభ్యం కాదు, కొన్ని ముద్రిత కాగితాలు మాత్రం మిగిలినవి. ఆరెగాన్ ట్రెయిల్ నిలిచినది కాగితపు ప్రతి వలననే. హైపర్‌కార్డ్ అమ్మకం 2004లో నిలిచిపోయినది. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగియగా దానిపై ఆధారపడిన వేలాది బోధనా ఆటలు సాధారణ బ్రౌజర్లలో నడవకుండ పోయినవి. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫాంట్లతో రాసిన ప్రశ్నలు ఆ ఫాంటు లేని కంప్యూటరుపై అర్థంకాని గుర్తులుగా కనబడతాయి.

అందువలన ప్రశ్నలను, తప్పు సమాధానాలను, వాటి వివరణలను యూనికోడ్‌లో సాదా పాఠ్యంగా వేరుగా దాచుకొనుట, ఆట నియమాలను కాగితంపై ముద్రించి ఉంచుట, తోటి ఉపాధ్యాయులకు ప్రతులు ఇచ్చుట మంచిది. ప్రోగ్రామును మరొక భాషలో మరల రాయవచ్చును. కాని అనేక సంవత్సరాల పాటు జవాబు పత్రాల నుండి ఏరి కూర్చిన పొరపాట్ల పట్టిక పోయినచో దానిని మరల సంపాదించుట కష్టము.

ఇవి కూడా చూడండి

- బేసిక్ భాష
- లోగో (ప్రోగ్రామింగ్ భాష)
- స్క్రాచ్ (ప్రోగ్రామింగ్ భాష)
- యూనికోడ్
- తెలుగు లిపి
- గళ్ళనుడికట్టు
- దశాంశ భిన్నము